పన్ను జివ్వుమంటే... లోపల పారుతున్నట్టే!

మే నెల. మిట్టమధ్యాహ్నం. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర సోడా బండి ముందు ఓ నడివయసు మనిషి నిలబడ్డాడనుకోండి. ఐసులో పెట్టిన నిమ్మసోడా చేతికొచ్చింది. ఒక్క గుక్క... అంతే! చెయ్యి చెంప మీదికి పోయింది. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. 'అబ్బ... పన్ను జివ్వుమన్నదిరా!' అన్నాడు. రెండో గుక్క ఇంకో దవడ వైపు తిప్పుకుని తాగాడు.

సంక్రాంతికి సకినం కొరికినా ఆయనకు ఇదే వరస. బెల్లం ముక్క తగిలినా, చింతపులుసు తగిలినా, చలికాలం పొద్దున్నే నోరు తెరిచి గాలి పీల్చినా అంతే. ఇంట్లో ఎవరి వైద్యం వాళ్లది. లవంగం పెట్టుకోమని ఒకరు, ఉప్పు, బొగ్గు కలిపి తోమమని ఇంకొకరు. 'పీకించెయ్, పీడ పోతది' అని మూడో సలహా. ఈ మూడోది విని, నిక్షేపంలాంటి పళ్లను వదులుకున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

నిజానికి ఆ జివ్వు పన్ను చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు. బతికే ఉందనడానికి గుర్తు. అంతేకాదు, ఆ పంటి లోపల ఓ సన్నటి పారకం ఉంది. దాన్ని అదుపు చెయ్యడానికి మన రక్తంలోంచి వచ్చిన కాపలాదారులూ ఉన్నారు. జ్వరాలప్పుడు, టీకాలప్పుడు మనం పేరు వినే యాంటీబాడీలే ఆ కాపలాదారులు. పంటిలో వాటికేం పని? అక్కడే ఉంది అసలు కథ.

నరం లేనిచోట నొప్పి!

పంటిని అడ్డంగా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. పైన ఎనామిల్. మన శరీరం మొత్తంలో అంతకంటే గట్టి పదార్థం లేదు. నడిమధ్యలో పల్ప్, అంటే పంటి గుజ్జు. రక్తనాళాలు, నరాలు ఉండేది ఇందులోనే. ఈ రెంటికీ మధ్య కొంచెం పసుపు ఛాయలో ఉండే మందపాటి భాగం డెంటిన్. పంటిలో ఎక్కువ భాగం ఇదే. బరువులో చూస్తే ఇందులో సుమారు 70 శాతం ఖనిజాలు, 20 శాతం కొల్లాజెన్ లాంటి సేంద్రియ పదార్థం, మిగతా 10 శాతం నీరు. చూడ్డానికి రాయిలా ఉన్నా, అందులో పదో వంతు నీళ్లేనన్నమాట.

నరాల కొసలు డెంటిన్ లోకి కొద్ది దూరమే వస్తాయి. మిల్లీమీటరులో పదో వంతో, అయిదో వంతో... ఆపైన ఉండవు. కానీ ఎనామిల్ అరిగినచోట, చిగురు కిందికి జారి పంటి మెడ బయటపడినచోట డెంటిన్ పైపొరను సూదితో తాకితే చాలు, మనిషి కుర్చీలోంచి లేచిపోతాడు. నరం లేనిచోట నొప్పి ఎలా పుడుతోంది? దంతవైద్యులను చాలాకాలం తికమకపెట్టిన ప్రశ్న ఇది. పైగా సోడా తాగిన క్షణంలోనే జివ్వుమంటుంది. చల్లదనం డెంటిన్ మందాన్ని దాటుకుని గుజ్జు దాకా పోవడానికి అంత తక్కువ సమయం చాలదు.

స్విట్జర్లాండ్ లోని జ్యూరిచ్ కు చెందిన దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ గీజీ 1900లోనే ఓ మాట అన్నాడు. పంటి గొట్టాల్లోని ద్రవం కదలడమే ఈ నొప్పికి కారణం కావచ్చునని. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960ల్లో స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్ స్ట్రోమ్ వరస ప్రయోగాలతో ఆ మాటను నిలబెట్టాడు. ఆయన చేసిన ఒక పరీక్ష వింటే ఇంత తేలికా అనిపిస్తుంది. బయటపడిన డెంటిన్ మీద పొడి అద్దుడు కాగితం ముక్క పెట్టాడు. నొప్పి! అదే కాగితాన్ని ముందే తగిన ద్రావణంలో తడిపి పెడితే నొప్పి లేదు. పొడి కాగితం లోపలి ద్రవాన్ని పీల్చింది. తడి కాగితం పీల్చలేదు. తేడా అంతే.

చల్లటిది తగిలితే గొట్టాల్లో ద్రవం చటుక్కున బయటివైపు కదులుతుంది. గాలి తగిలితే ఆవిరై పైకి లాగుతుంది. బెల్లం, చక్కెర, ఉప్పులాంటి చిక్కటివి తగిలితే వాటి గాఢతకు ద్రవం బయటికి ఊరుతుంది. ఊరగాయ జాడీలో ముక్కలోంచి నీరు ఊరినట్టే! ఆ కుదుపు లోపలి నరం కొసను గుంజుతుంది. వేడి టీ కంటే చల్లటి సోడాకే పన్ను ఎక్కువ జివ్వుమనడానికి కారణమూ ఇదే. వేడికి ద్రవం లోపలివైపు కదులుతుంది. బయటివైపు కదలిక అయితేనే నరం ఎక్కువ ఉలిక్కిపడుతుంది.

గసగసాల గింజంత చోట...

ఈ గొట్టాలు ఎన్ని? లెక్క వింటే కళ్లు తిరుగుతాయి. ఒక చదరపు మిల్లీమీటరు, అంటే ఇంచుమించు గసగసాల గింజ పట్టేంత చోటు. ఎనామిల్ కు దగ్గరగా అయితే అంత చోట్లో సుమారు 20 వేల గొట్టాలు. గుజ్జుకు దగ్గరగా పోయేకొద్దీ అవి ఒత్తుగా మారి 45 వేల దాకా ఉంటాయి. వెడల్పు కూడా లోపలికి పోయేకొద్దీ పెరుగుతుంది. బయటి కొస దగ్గర మైక్రాన్ కు కాస్త తక్కువ, లోపల రెండున్నర మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఈ గొట్టాల్లో ద్రవం ఊరికే నిలవ ఉండదు. గుజ్జులోని రక్తనాళాల నుంచి వడకట్టుకుని వచ్చే ఈ ద్రవానికి లోపలి నుంచి కొంత ఒత్తిడి ఉంటుంది. మనుషుల పళ్లలో ఈ ఒత్తిడిని అంచనా కట్టి 1995లో ఫలితాలు ప్రచురించారు. 14 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలబడితే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత. జానెడు కూడా కాదు. కానీ పైన మూత తెరుచుకుంటే ద్రవం నెమ్మదిగా బయటికి ఊరుతూనే ఉండటానికి ఆమాత్రం చాలు.

సిద్దిపేట వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. కోమటి చెరువును తలుచుకుంటే చాలు. గుజ్జు చెరువు. గొట్టాలు కాలువలు. ఎనామిల్ తూముకు బిగించిన మూత. మూత ఉన్నన్నాళ్లూ కాలువలో నీళ్లు కదలవు. అరిగిందా, తూము తెరిచినట్టే. అయితే చెరువుకు లేని బెడద ఒకటి పంటికి ఉంది. తూము తెరిచినప్పుడు కాలువకు ఎదురీది చెరువులోకి చొరబడాలని చూసేవాళ్లు నోటినిండా ఉన్నారు. పుచ్చును పుట్టించే బ్యాక్టీరియా, అవి వదిలే విషాలు!

ఎదురు వచ్చే కాపలాదారులు

పుచ్చు డెంటిన్ దాకా దిగినప్పుడు గొట్టాల్లో రెండు రకాల ప్రయాణాలు ఒకేసారి సాగుతాయి. లోపలి ద్రవం బయటికి నెడుతుంటుంది. బ్యాక్టీరియా విషాలు ఆ ద్రవంలో వ్యాపిస్తూ లోపలికి దిగాలని చూస్తుంటాయి. బయటికి పారే ద్రవం వాటిని కొంతవరకు తోసేస్తుంది. పూర్తిగా ఆపలేదు. ఆ ద్రవంతోపాటు రక్తంలోని ప్రొటీన్లూ కొట్టుకొస్తాయి. వాటిలో యాంటీబాడీలు ఉంటాయి.

ఇది ఊహ కాదు. జపాన్ పరిశోధకులు 1970ల చివర్లోనే పుచ్చిన డెంటిన్ లో రక్తం నుంచి వచ్చిన ప్రొటీన్లను, యాంటీబాడీలను గుర్తించారు. ఆ తర్వాత 1994లో స్వీడన్ పరిశోధకులు మరింత ఆసక్తికరమైన విషయం చెప్పారు. ఏ జబ్బూ లేని, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల పళ్లలో చిన్న గుంట చేసి, అక్కడ ఊరిన ద్రవాన్ని పరీక్షించారు. అందులో ఆల్బుమిన్ తోపాటు ఐజీజీ రకం యాంటీబాడీలు కనిపించాయి. అంటే, శత్రువు లోపలికి రాకముందే కాపలాదారులు గుమ్మం దాకా వచ్చేస్తారన్నమాట.

ఇక్కడ చదువరికి ఓ అనుమానం రావాలి. గొట్టం వెడల్పు మైక్రాన్ నుంచి రెండున్నర మైక్రాన్లు. ఐజీజీ యాంటీబాడీ పొడవు పది, పదిహేను నానోమీటర్లు మాత్రమే. అంటే గొట్టంలో నూటో వంతు. రాజీవ్ రహదారి మీద ఓ గొర్రెపిల్ల నిలబడ్డట్టు! దానివల్ల దారి మూసుకుపోతుందా?

ఒక్కటైతే మూసుకుపోదు. కానీ యాంటీబాడీ ఒంటరిగా ఉండే సరుకు కాదు. ఇంగ్లిషు 'వై' అక్షరం ఆకారంలో ఉండే ఐజీజీకి రెండు చేతులు. ఒక చేత్తో ఒక బ్యాక్టీరియాను, రెండో చేత్తో ఇంకో బ్యాక్టీరియాను పట్టుకోగలదు. దాని పెద్దన్నలాంటి ఐజీఎమ్ కు ఏకంగా పది చేతులు. ఇవి బ్యాక్టీరియాను, వాటి ముక్కలను గుత్తులు గుత్తులుగా ముడేస్తాయి. ఆ ముద్దలు గొట్టంలో చిక్కుకుంటాయి. మరికొన్ని ప్రొటీన్లు గొట్టం గోడలకే అతుక్కుని పొరగా పేరుకుంటాయి. వానాకాలం తూము జాలీకి గడ్డీ గాదం అడ్డం పడటం చూసినవాళ్లకు తక్కింది చెప్పక్కర్లేదు. ఒక గడ్డిపరక ఆపలేదు. పరక మీద పరక పడితే నీళ్లు సన్నగిల్లుతాయి.

ఇంకో మలుపుంది. గొట్టం పూర్తిగా మూసుకుపోనక్కర్లేదు. 1840ల్లో ఫ్రాన్స్ వైద్యుడు పాయిజ్ ఈ సన్నటి గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయో లెక్క తేల్చాడు. రక్తం పారకం అర్థం చేసుకోవాలన్నది ఆయన తపన. ఆ లెక్క ప్రకారం పారకం గొట్టం వ్యాసార్ధానికి నాలుగో ఘాతంగా మారుతుంది. లెక్కల పేరెత్తితే భయపడేవాళ్లకు నేరుగా చెప్పాలంటే... గొట్టం పది శాతం సన్నబడితే పారకం మూడో వంతు తగ్గిపోతుంది. ఇరవై శాతం సన్నబడితే సగానికి పైగా పడిపోతుంది. సగానికి సన్నబడిందంటే మిగిలేది పదహారో వంతే! డ్రిప్పు పైపుల్లో ఉప్పు పేరుకుని చెట్లు ఎండిపోతే లబోదిబోమనే రైతుకు ఈ సూత్రం పేరు తెలియకపోవచ్చు. అనుభవం మాత్రం ఉంటుంది.

పీకిన పన్నే ప్రయోగశాల

దీన్ని కొలవడం ఎలా? బతికున్న మనిషి పంటిలో గొట్టాలు పెట్టి కూర్చోలేం కదా! అమెరికాలోని జార్జియా మెడికల్ కాలేజీలో డేవిడ్ పాష్లే, ఆయన సహచరులు 1970ల్లో ఇందుకో దారి చూపించారు. పీకేసిన జ్ఞానదంతం నుంచి డెంటిన్ ను పలచటి బిళ్లగా కోస్తారు. ఆ బిళ్లను రెండు చిన్న గదుల మధ్య గోడలా బిగిస్తారు. ఒకవైపు నుంచి ఒత్తిడితో ద్రవాన్ని పంపుతారు. ద్రవం ఎంత దాటిందో తెలియడానికి సన్నటి గాజుగొట్టంలో ఒక చిన్న గాలిబుడగను వదులుతారు. బుడగ ఎంత దూరం జరిగితే అంత ద్రవం దాటినట్టు. చూస్తే మేస్త్రీ లెవెల్ గొట్టంలో బుడగలా ఉంటుంది. తేలేది మాత్రం లీటరులో కోట్లవంతు లెక్క.

1982లో పాష్లే బృందం ఈ బిళ్లల మీద రక్తంలోని, లాలాజలంలోని పదార్థాలను పరీక్షించింది. బుడగ నడక మందగించింది. 1984లో కుక్కల పళ్లలో ఇంకో ప్రయోగం చేసింది. పంటిలో కొత్తగా గుంట చేసినప్పుడు కొన్ని గంటల్లోనే డెంటిన్ గుండా పారకం బాగా తగ్గిపోతోంది. పన్ను తనంతట తానే మూసుకుంటోందన్నమాట. గాయానికి రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ ను ముందుగానే తగ్గించిన కుక్కల్లో మాత్రం ఆ మూసుకోవడం అంతగా జరగలేదు.

మరి యాంటీబాడీల సంగతి? 1997లో హాన్, ఓవర్టన్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ ప్రశ్ననే మనిషి డెంటిన్ మీద పరీక్షించి ఓరల్ బయాలజీ పత్రికలో ప్రచురించారు. యాంటీబాడీలు చేరిన డెంటిన్ గుండా ద్రవం పారకం తగ్గింది. బ్యాక్టీరియాను గుర్తుపట్టి పట్టుకోవడం ఒక్కటే వాటి పని అనుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి. కాపలాదారు దొంగను పట్టుకోవడమే కాదు, తలుపుకు అడ్డంగా కూర్చుంటున్నాడు కూడా! దారి ఇరుకైతే బయటి విషాలు లోపలికి దిగడమూ నెమ్మదిస్తుంది. ఈలోగా గుజ్జులోని కణాలకు కొత్త డెంటిన్ పొరను కట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ కాపలాకు ఖర్చూ ఉంది. యాంటీబాడీలు బ్యాక్టీరియాను పట్టుకున్నచోట వాపు పుట్టించే రసాయనాలూ మేలుకుంటాయి. చేతికి వాపు వస్తే చర్మం సాగుతుంది. పంటి గుజ్జు చుట్టూ ఉన్నది గట్టి గోడ. అది సాగదు. పుచ్చు బాగా లోతుకు దిగాక రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని పోటు ఇలాంటిదే. ఆ దశలో కాపలాదారుల మీద భారం వేసి కూర్చుంటే లాభం లేదు. ఇంకోమాట. ఇదంతా బతికున్న పంటి సంగతి. గుజ్జు చచ్చిన పంటిలో, రూట్ కెనాల్ చేసిన పంటిలో చెరువే లేదు. కొత్త కాపలాదారులు ఎక్కణ్నుంచి వస్తారు?

బోరునీళ్లు మిగిల్చిన గాటు

మన ప్రాంతంలో ఈ కథకు ఇంకో పార్శ్వం ఉంది. ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ ను వైద్యలోకం గుర్తించింది తెలుగునేల మీదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన నెల్లూరు ప్రాంతం గురించి 1937లో షార్ట్, ఆయన సహచరులు రాశారు. తెలంగాణలో నల్లగొండ పేరు ఎక్కువ వినిపించినా, ఉమ్మడి మెదక్ జిల్లాలోనూ బోరునీళ్లలో ఫ్లోరైడ్ తో బాధపడ్డ ఊళ్లున్నాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదన్నది లెక్క.

ఎనామిల్ తయారయ్యేది చిన్నతనంలో. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ గుల్లగుల్లగా తయారవుతుంది. ముదిరిన కేసుల్లో పన్ను వచ్చాక నమిలే ఒత్తిడికే పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడినచోట డెంటిన్ బయటపడుతుంది. తూము మూత సరిగ్గా బిగించకుండానే చెరువు నింపినట్టు! ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ప్రారంభించింది గజ్వేల్ దగ్గరి కోమటిబండలో. ఆ తర్వాత రెండు నెలలకు, అక్టోబరులో, సిద్దిపేట జిల్లా ఏర్పడి ఆ ఊరు ఇందులోకి వచ్చింది. నల్లా నీళ్లతో పెరిగే పిల్లల సంగతి వేరు. బోరునీళ్లతో పెరిగి, ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్ల ఎనామిల్ ను మాత్రం ఏ నీళ్లూ వెనక్కి తేలేవు.

పీకించే ముందు...

బ్రిటన్ లో 1987లో చేసిన ఒక పరిశీలన ఇక్కడ చెప్పుకోవాలి. జివ్వుమనే పళ్లను, జివ్వుమనని పళ్లను సూక్ష్మదర్శిని కింద పోల్చి చూశారు. జివ్వుమనే పళ్లలో తెరుచుకున్న గొట్టాలు దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ. వాటి వెడల్పు రెండింతలు. పాయిజ్ లెక్క వేసి చూడండి. రెండింతల వెడల్పుకు పదహారు రెట్లు, దాన్ని ఎనిమిదితో గుణిస్తే... వంద రెట్లు దాటిపోయింది!

అంటే జివ్వు తగ్గాలంటే గొట్టాల మూతులు మూసుకోవాలి. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ ఆ పని బయటి నుంచి నెమ్మదిగా చేస్తూనే ఉంటాయి. లోపలి నుంచి ప్రొటీన్లు చేస్తాయి. మనమే ఆ పని చెడగొడుతుంటాం. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, పుల్ల విరిగేంత బలం... వీటితో తోమినప్పుడల్లా పంటి మెడ అరుగుతుంది. నిమ్మసోడా అయితే రెండందాలా దెబ్బ. చల్లదనంతో నొప్పి రేపుతుంది, పులుపుతో గొట్టాల మూతులు తెరుస్తుంది. ప్రయోగశాలలో డెంటిన్ బిళ్ల మీద గొట్టాలను తెరవడానికి వాడే వాటిలో సిట్రిక్ ఆమ్లం ఒకటి. నిమ్మకాయలో ఉండేదీ అదే! పుల్లటిది తిన్న వెంటనే గట్టిగా తోమొద్దని వైద్యులు చెప్పేది అందుకే.

జివ్వు తగ్గించే పేస్టుల్లో రెండు రకాలున్నాయి. పొటాషియం నైట్రేట్ ఉన్నవి నరాన్ని శాంతపరుస్తాయి. స్టాన్నస్ ఫ్లోరైడ్ లాంటివి గొట్టాల మూతులను కప్పుతాయి. రెండింటికీ కొన్ని వారాల ఓపిక కావాలి. రెండురోజులు వాడి 'ఏం పనిచెయ్యలే' అని మూలన పడేసేవాళ్లే ఎక్కువ. పేస్టుతో లొంగకపోతే వైద్యుడు అరిగినచోట పూత వేస్తాడు. గుంట ఉంటే పూడుస్తాడు. పీకడం వీటన్నిటి తర్వాతి మాట.

అన్నట్టు, సోడా బండి దగ్గరి మనిషి దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాడనుకోండి. కుర్చీలో పడుకోబెట్టి, దీపం వేసి, ఆయన మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇది... 'నొప్పి ఎంతసేపుంది?' చల్లటిది తీసేసినా నిమిషాల తరబడి సలుపుతుంటే, వేడికీ నొప్పి లేస్తుంటే, రాత్రి దానంతటదే మొదలవుతుంటే గుజ్జు దాకా వాపు పోయిందేమోనని చూడాలి. ఆయన కాసేపు ఆలోచిస్తాడు. చెంప మీది చెయ్యి అప్పటికే కిందికి దిగిపోయింది.

'ఏం లేదు సార్... గుక్క దిగినంతసేపే.'

'అయితే పీకే పనేం లేదు, నోరు తెరువు' అంటాడు డాక్టరు.